చలికి ఆగిన చెరకు, మంచుకు వడలిన గుమ్మడి

స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయపు వీడియో గేమ్‌లో ఏడాదికి నాలుగు రుతువులు, రుతువుకు 28 రోజులు. శరత్తు ఆఖరి రాత్రి దాకా నిగనిగలాడిన గుమ్మడి పాదులు చలికాలం ఒకటో తారీకు తెల్లారేసరికి వడలి, ముట్టుకుంటే విరిగేలా ఉంటాయి. గడ్డి మాయమవుతుంది. దుకాణంలో మామూలు విత్తనాలు దొరకవు. విశాఖలో ఈ ఆట ఆడే కుర్రాడికి ఇదంతా సహజంగానే తోస్తుంది, చలికాలమంటే సినిమాల్లో చూసిన మంచే కదా. కానీ అదే రోజుల్లో, గాజువాక నుంచి గంట ప్రయాణంలో ఉన్న అనకాపల్లిలో చెరకు గానుగలు మొదలవుతాయి. సువర్ణరేఖ మామిడి పూతకు సిద్ధమవుతుంది. పాడేరు కొండల మీద కాఫీ పండు కోతకొస్తుంది. ఆటలో పొలం చచ్చిపోయే నెలలోనే ఉత్తరాంధ్ర పొలం డబ్బు కళ్లజూస్తుంది. ఇది వేడి దేశానికీ చలి దేశానికీ ఉన్న తేడా అని సరిపెట్టుకోవచ్చు గానీ, అది సగం జవాబే. మిగతా సగం మొక్క లోపల ఉంది: చలికి మొక్కలో అన్ని పనులూ ఒకేసారి ఆగవు. ముందు ఆగేది ఎదుగుదల. ఆగిన ఎదుగుదలకు వెళ్లాల్సిన సరుకు ఎటు మళ్లిందన్నదాన్ని బట్టే ఆ చలికాలం లాభమో నష్టమో తేలుతుంది. ఆటలో చలికాలాన్ని బాగా వాడుకునే ఆటగాడూ, అనకాపల్లి చెరకు రైతూ తెలిసో తెలియకో ఈ లెక్కే వేస్తున్నారు.

ఎండ తగ్గేది ఎంత?

ఆటను ఒంటిచేత్తో తయారుచేసి 2016 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఎరిక్ బరోన్ అమెరికాలోని సియాటిల్ ప్రాంతంవాడు. సియాటిల్ భూమధ్యరేఖకు 47 డిగ్రీలకు పైగా ఉత్తరాన ఉంది. డిసెంబరు 21న అక్కడ పగలు ఎనిమిదిన్నర గంటలకు మించదు. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి సుమారు 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంత ఏటవాలుగా పడే ఎండ చాలా నేల మీద పరుచుకుపోయి పలచబడుతుంది. విశాఖ 17.7 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ అదే రోజు పగలు సుమారు 11 గంటలు, మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు దాదాపు 49 డిగ్రీలు. పైగా వానాకాలపు మబ్బు తొలగిపోయి ఆకాశం తేటగా ఉంటుంది. జూలైలో ముసురు పట్టిన రోజు కన్నా జనవరిలో తెరిపి రోజున ఆకు మీద పడే వెలుగు ఎక్కువగా ఉండే సందర్భాలు చాలానే. సముద్రం పక్కన కాబట్టి నగరంలో రాత్రి ఉష్ణోగ్రత 18 డిగ్రీల చుట్టూ ఆగుతుంది, పగలు 28 దాకా వెళ్తుంది. అంటే మన చలికాలం ఆకుకు వెలుగు కరవు తేదు. తెచ్చేవి రెండే, చల్లటి రాత్రి, ఆరుతున్న నేల.

(సియాటిల్‌లోనూ నిజమైన చలికాలం ఆటలో ఉన్నంత కఠినం కాదన్నది వేరే సంగతి. అక్కడి పెరళ్లలో కేల్ ఆకుకూర చలిని తట్టుకుని నిలబడుతుంది. ఆట కాబట్టి గీత గట్టిగా గీశారు.)

మేస్త్రి రాని ఇల్లు

మొక్క చేసే పనుల్లో రెండింటిని విడదీసి చూడాలి. ఒకటి, ఆకు ఎండనూ గాలినీ నీటినీ కలిపి చక్కెర తయారుచేయడం. రెండోది, ఆ చక్కెరను ఖర్చుపెట్టి కొత్త కణాలు కట్టడం, అంటే కొత్త ఆకు, పొడవైన కాండం, లోతైన వేరు. బడిలో ఈ రెంటినీ కలిపి చెప్పేస్తారు, అందుకే చక్కెర తయారైతే మొక్క ఎదుగుతుందనీ, ఎదగడం లేదంటే చక్కెర లేదనీ అనుకుంటాం. వాస్తవంలో ఈ రెండు పనులకూ చలిని తట్టుకునే శక్తి ఒకేలా ఉండదు. కణం రెండుగా చీలడానికీ, సాగడానికీ ఎన్నో ఎంజైములు వరుసగా పనిచేయాలి, కణం లోపల నీటి ఒత్తిడి నిండుగా ఉండాలి. రాత్రి చల్లబడినా, నేల కాస్త ఆరినా ఈ పని ముందుగా మందగిస్తుంది. ఆకులో చక్కెర తయారీ మాత్రం చాలాసేపు సాగుతూనే ఉంటుంది. ఇల్లు కడుతున్న ఉద్యోగికి జీతం ప్రతి నెలా వస్తూనే ఉంది, మేస్త్రి మాత్రం రెండు నెలలుగా రావడం లేదనుకోండి. గోడ లేవలేదు కాబట్టి చూసేవాళ్లకు పని ఆగినట్టే ఉంటుంది. బ్యాంకు ఖాతా చూస్తే గానీ అసలు సంగతి తెలియదు.

ఆ నిల్వ ఎక్కడ చేరుతుందన్నది మొక్కను బట్టి ఉంటుంది. చెరకు కాండంలో దాచుకుంటుంది. మామిడి కొమ్మల్లో, వేళ్లలో పిండిపదార్థంగా దాచి పూతకు వాడుతుంది. దాచుకునే చోటు లేని లేత గుమ్మడి పాదుకు ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు. దాని మీద మంచు పడితే కథ ముగిసినట్టే. ఉష్ణోగ్రత సున్నా దాటి దిగినప్పుడు కణాల మధ్య సందుల్లోని నీరు ముందు గడ్డకడుతుంది. ఆ మంచు పలుకులు కణం లోపలి నీటిని బయటకు లాగేస్తాయి. కణం ముడుచుకుపోయి పొర చిట్లుతుంది. ఎండ రాగానే మంచు కరిగినా ఆ నీటిని లోపల పట్టి ఉంచే పొర ఉండదు కాబట్టి ఆకు ఉడికినట్టు జావగారి వేలాడుతుంది. ఆటలో ఒకటో తారీకు కనిపించే వడలిన పాదుల వెనక అసలు కారణం ఇదే.

పెట్టెలో కొంచెం: చల్లటి రాత్రి మిగిల్చేది

మొక్క రాత్రీ పగలూ ఊపిరి పీలుస్తుంది. అంటే పగలు తయారైన చక్కెరలో కొంత భాగాన్ని బతకడానికి కాల్చుకుంటూ ఉంటుంది. ఈ కాల్చుకునే వేగం ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపవుతుంది. మే నెల రాత్రి 28 డిగ్రీలు, జనవరి రాత్రి 18 డిగ్రీలు అనుకుంటే, గంటకు కరిగిపోయే చక్కెర జనవరిలో దాదాపు సగమే. ఆకు పగలు కాస్త తక్కువ తయారుచేసినా, రాత్రి నష్టం తగ్గడం వల్ల చేతిలో మిగిలేది ఎక్కువ కావచ్చు.

అనకాపల్లి గానుగ దగ్గర

చెరకు పరిశోధన కోసం అనకాపల్లిలో 1913లోనే కేంద్రం పెట్టారు. ఇప్పుడది ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం. ఆ ఊరి బెల్లం మార్కెట్ పేరు దేశమంతటా తెలుసు. సంక్రాంతికి ముందూ వెనకా దిమ్మలు ఎక్కువగా దిగే మార్కెట్‌కూ, జనవరి రాత్రుల చల్లదనానికీ ఉన్న సంబంధం పండగ గిరాకీ ఒక్కటే కాదు, మొక్క శాస్త్రం కూడా.

వానాకాలంలో చెరకు ఆబగా పెరుగుతుంది. కణుపు మీద కణుపు వేస్తుంది. ఆ దశలో లేత కణుపుల్లో ఒక ఎంజైము చురుగ్గా ఉండి, ఆకు పంపిన చక్కెరను చిన్న ముక్కలుగా విడగొట్టి ఎదుగుదలకు అందిస్తుంది. గడ ఎంత ఎత్తున్నా రసం చప్పగా ఉండేది అందుకే. నవంబరు దాటి రాత్రులు చల్లబడి, రైతు నీటి తడులు తగ్గించి ఆపేస్తే కొత్త కణుపులు వేయడం మందగిస్తుంది. ఆ ఎంజైము పని పడిపోతుంది. ఆకుల్లో తయారవుతున్న చక్కెరకు వేరే దారి లేక కాండంలో పేరుకుంటుంది. పేరుకోవడం అడుగు కణుపు నుంచి మొదలై పైకి పాకుతుంది. గడ కింది భాగం తియ్యగా, పైభాగం చప్పగా ఉండటం చెరకు నమిలిన ఎవరికైనా తెలుసు. గడ ముదిరిందో లేదో చూసే పద్ధతి కూడా దీన్నే వాడుకుంటుంది. కింది కణుపు నుంచి ఒక చుక్క, పై కణుపు నుంచి ఒక చుక్క చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్ గాజు పలక మీద వేసి, వెలుగుకెదురుగా పెట్టి బ్రిక్స్, అంటే రసంలో తీపి ఎంతుందో చెప్పే అంకె చూస్తారు. రెండు అంకెలూ దగ్గరపడితే నరకొచ్చు. పైన ఇంకా బాగా తక్కువ చూపిస్తుంటే ఆగాలి, ఎందుకంటే ఆ గడ ఇంకా ఎదుగుదల మీదే ఖర్చుపెడుతోంది.

నరికాక కూడా చలి పనిచేస్తూనే ఉంటుంది. తెగిన గడలో చక్కెర మళ్లీ గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోవడం మొదలవుతుంది. ఎండ ముదిరే కొద్దీ ఈ వేగం పెరుగుతుంది. అలా విడిపోయిన చక్కెర ఎక్కువైన రసాన్ని పెనంలో ఎంత కాచినా గట్టి దిమ్మ కట్టదు. ఒకవేళ కట్టినా తేమ లాక్కుని చెమ్మగిల్లుతుంది. పెనం దగ్గర పనివాళ్లు కాస్త సున్నం వేసి, బెండ జిగురు కలిపి, పైకి తేలిన మడ్డి తీసేస్తూ కాచేది రసాన్ని శుభ్రం చేయడానికే. పాకం సుమారు 118 డిగ్రీలకు చేరాక చన్నీళ్లలో చుక్క వేసి ఉండ కడుతుందో లేదో చూస్తారు. ఆ ఉండ కట్టడం పనివాడి నేర్పు మీద ఎంత ఆధారపడుతుందో, అంతకు ముందు రెండు నెలలు తోట ఎంత ‘ఖాళీగా’ ఉందన్నదాని మీద అంత ఆధారపడుతుంది. చూసేవాడికి ఆ రెండు నెలల్లో తోట ఒక జానెడైనా పెరిగినట్టు కనిపించదు.

పూత కోసం ఆగడం

మామిడిలో ఇదే లెక్క మరో రూపంలో ఉంటుంది. కొమ్మ చివర ఉన్న మొగ్గ ఆకు చిగురు కావచ్చు, పూగుత్తీ కావచ్చు. ఏదవుతుందన్నది ముందే రాసిపెట్టి ఉండదు. వెచ్చగా, తడిగా ఉంటే ఆకు చిగురవుతుంది. ముదిరిన కొమ్మ కొన్ని వారాలపాటు చల్లటి రాత్రులనూ, ఆరిన నేలనూ చూస్తే ఆకుల్లో పుట్టిన సంకేతం మొగ్గకు చేరి అది పూత వైపు తిరుగుతుంది. విశాఖ వైపు పుట్టిన సువర్ణరేఖ అయినా బంగినపల్లి అయినా వానలు తగ్గాక పూత కనిపించేదాకా తోటకు నీరు పెట్టొద్దని చెప్పేది అందుకే. అత్యాశకు పోయి డిసెంబరులో తడి పెట్టినవాడికి చెట్టు నిండా రాగిరంగు లేత చిగురు వస్తుంది. చూడ్డానికి అందమే, వేసవిలో సంతకు తీసుకెళ్లడానికి మాత్రం ఏమీ ఉండదు. మార్కెట్‌లో కల్తార్ పేరుతో దొరికే మందు చేసేదీ ఇదే పని. ఎదుగుదలను ఉసిగొలిపే హార్మోనును మొక్క తయారుచేసుకోకుండా అడ్డుపడుతుంది. చలికాలం చేయాల్సిన పనిని రైతు డబ్బు పెట్టి కొంటున్నాడన్నమాట.

కొండల మీద కాఫీది ఇంకాస్త చిత్రం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గిరిజన రైతులు పండించే అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నవంబరు నుంచి పండు కోత, పొట్టు తీసి కడగడం, ఆరబెట్టడం సాగుతుంటాయి. గింజలో తేమ 11 శాతం చుట్టూ దిగేదాకా ఆరబెట్టాలి, దానికి ఈ పొడి ఎండే ఆధారం. అదే సమయంలో, అదే కొమ్మల మీద వచ్చే ఏటి పూమొగ్గలు మిల్లీమీటర్ల పొడవుకు వచ్చి ఆగిపోయి ఉంటాయి. వాటికి ఎండు కాలం కావాలి. ఆ కొన్ని వారాల నీటి కొరతలోనే మొగ్గల నిద్ర లోలోపల వదులుతుంది. అన్నీ ఒకే స్థితికి వచ్చి కాచుకుని ఉంటాయి. ఆ తరవాత మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన, అంగుళం అంతకు మించి పడితే, తొమ్మిది పది రోజుల్లో తోటంతా ఒక్కసారిగా తెల్లబడుతుంది. పూత ఒక్కసారి వస్తే పండూ ఇంచుమించు ఒక్కసారే వస్తుంది, కోత కూలీ తగ్గుతుంది. చలికాలం మధ్యలో తుపాను తోకలాంటి జల్లు పడితే మొగ్గలు కొన్ని తొందరపడి విచ్చుకుంటాయి, కొన్ని ఆగుతాయి. మరుసటి ఏడు ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోర, పండు కలిసి కనిపిస్తాయి. ఆరబెట్టిన గింజ తడవడం కళ్లకు కనబడే నష్టం. పూత చెదరడం ఏడాది తరవాత గానీ తెలియదు.

అరకులో పర్యాటకులు ఎగబడే వలిసెల పసుపు పూల వెనకా ఈ సూత్రమే ఉంది. వలిసె పగలు పొట్టిపడటాన్ని పసిగట్టి ఆకు వేయడం తగ్గించి పూతకు మళ్లుతుంది. తక్కిన పని తేనెటీగలది.

ఆటలో ఆ 28 రోజులు

ఇప్పుడు ఆటకు వద్దాం. స్టార్‌డ్యూ వ్యాలీలో ఆటగాడు మొదలుపెట్టేటప్పుడు రోజుకు 270 శక్తి ఉంటుంది. ఒక్కో మడికి నీళ్లు పోస్తే 2 ఖర్చు. వంద మళ్లున్నవాడికి నీళ్లకే 200 పోతుంది. నైపుణ్యం పెరిగే కొద్దీ ఖర్చు తగ్గుతుంది, నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు పెట్టుకుంటే ఇంకా తగ్గుతుంది గానీ మొదటి ఏడాది చాలామంది పరిస్థితి ఇదే. చలికాలం ఒకటో తారీకున ఆ ఖర్చు సున్నా అవుతుంది. ఆదాయం ఆగిపోయిందని బెంగపడే ఆటగాడు గోడనే చూస్తున్నాడు, ఖాతా చూడటం లేదు. రోజూ మిగిలిన ఆ శక్తి, సమయం గనిలోకి మళ్లితే రాగి, ఇనుము, బంగారం వస్తాయి. పనిముట్టును మెరుగుపరచడానికి కమ్మరికి ఇస్తే రెండు రోజులు అది చేతిలో ఉండదు. వేసవిలో నీళ్ల డబ్బా ఇచ్చేస్తే వాన పడని రోజు మొక్కలకు నీరుండదు, చలికాలంలో ఇస్తే పోయేదేమీ లేదు. ఆ లోహంతో పీపాలు చేసి, శరత్తులో దాచిన పండ్లను వైన్‌గా మారిస్తే ధర మూడింతలవుతుంది. గుమ్మడిని రసం చేస్తే రెండింతల కన్నా ఎక్కువ పలుకుతుంది. పండ్ల చెట్ల మొక్కలకు కాయ కాసే వయసు రావడానికి 28 రోజులు పడుతుంది, చలికాలంలోనూ అవి ఎదుగుతాయి. ఒకటో తారీకున చెర్రీయో ఆప్రికాటో నాటితే వసంతం తలుపు తట్టేసరికి చెట్టు సిద్ధం.

పెట్టెలో కొంచెం: గడ్డి లెక్క

చలికాలంలో పశువులకు మేత బయట దొరకదు. ఒక్కో పశువుకు రోజుకో మోపు గడ్డి కావాలి. ఒక సైలోలో 240 మోపులు పడతాయి. ఎనిమిది పశువులకు 28 రోజులకు 224 చాలు, 16 మిగులుతాయి. తొమ్మిదో పశువు వచ్చిందంటే 252 కావాలి, అంటే రెండో సైలో కట్టాలి, లేదా కొనుక్కోవాలి. ఈ లెక్క శరత్తు మధ్యలో వేసుకోవాలి. చలికాలంలో వేస్తే కొనుక్కోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఒప్పుకోనివాళ్ల మాట

దీనికి మొదటి అభ్యంతరం ఆటగాళ్ల నుంచే వస్తుంది: గాజు ఇల్లు బాగుచేసుకుంటే చలికాలంలోనూ పండించొచ్చు కదా, అడవిలో ఏరుకున్న వాటితో చేసే చలి విత్తనాలున్నాయి కదా, 2024 మార్చిలో వచ్చిన 1.6 నవీకరణ చలికాలంలో పండే పౌడర్‌మెలన్‌ను కూడా తెచ్చింది కదా అని. నిజమే. కానీ గాజు ఇంట్లో ఉన్నవి 120 మళ్లు. అవి పొలాన్ని భర్తీ చేయలేవు. చలికాలంలో పండించడం తప్పని ఎవరూ అనడం లేదు. పండించడమొక్కటే లాభమనుకుంటే మిగిలిన శక్తంతా వృథా పోతుందన్నదే ఇక్కడి వాదన.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఉత్తరాంధ్రలో చలికాలంలో పంటలు ఎదుగుతూనే ఉన్నాయి కదా, వరి కోతకు రెండు మూడు రోజుల ముందు బురదలో చల్లిన మినుము వరి మోళ్ల మధ్య పచ్చగా లేస్తుంది, చింతపల్లి వైపు రాజ్‌మా కాస్తుంది, లంబసింగిలో స్ట్రాబెర్రీ పండుతోంది, మరి ‘ఆగడం’ ఎక్కడుందని. రాజ్‌మాను చూస్తే జవాబు దొరుకుతుంది. పగలు 30 డిగ్రీలు దాటితే దాని పూత రాలిపోతుంది. కొండ మీద చలికాలం దానికి సరిపోయే వెచ్చదనం. మినుముకు కింద మిగిలిన తడే పెట్టుబడి. ఆ తడి ఆరుతున్న కొద్దీ కొత్త ఆకు తగ్గి కాయ గట్టిపడుతుంది. అంటే ఇక్కడ కూడా కోతకు తెచ్చేది చివర్లో వచ్చే ఆగుడే.

చలి మంచిదైతే ఎంత ఎక్కువైతే అంత మంచిదా అని అడిగేవాళ్లు లంబసింగి చూడాలి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో, కొండల మధ్య గిన్నెలా ఉన్న ఊరది. మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను తాకిన గాలి చల్లబడి బరువెక్కి వాలుల మీదుగా జారి ఆ గిన్నెలో నిలుస్తుంది. అందుకే అదే ఎత్తులో వాలు మీద ఉన్న తోట కన్నా అడుగున ఉన్న పొలం చల్లగా ఉంటుంది, కొన్ని ఏళ్లలో సున్నాకు దగ్గరగా దిగుతుంది. అలాంటి తెల్లవారుజామున రాజ్‌మా ఆకుకూ ఆటలోని గుమ్మడి ఆకుకూ తేడా ఉండదు. లాభమిచ్చే చలి ఒక పరిధిలోనిదే. ఎదుగుదల ఆగాలి, చక్కెర తయారీ ఆగకూడదు, కణం పొర చిట్లకూడదు. ఈ మూడూ కలిసే ఉష్ణోగ్రతలు ఎన్నో ఉండవు. అనకాపల్లి చెరకుకూ పాడేరు కాఫీకీ అవి ఏటా ఊరికే దొరుకుతుండటం ఆ నేలల అదృష్టం.

అదృష్టం కాబట్టే చేజారే వీలూ ఉంది. నీటిని రైతు ఆపగలడు, రాత్రిని చల్లబరచలేడు. డిసెంబరు రాత్రులు వెచ్చగా, మబ్బుగా గడిస్తే మామిడి మొగ్గ ఆకు వైపు తిరుగుతుంది, చెరకు కణుపు వేస్తూనే ఉంటుంది. కర్ణాటక కాఫీ తోటల్లో స్తోమత ఉన్న యజమానులు పూత వాన రాకపోతే స్ప్రింక్లర్లతో దాని లోటు తీరుస్తారు. పాడేరు కొండల్లో వెండి ఓక్ నీడన ఎకరం, రెండెకరాలు పెట్టుకున్న రైతుకు ఆ సౌకర్యం లేదు. ఎండు కాలం చేయాల్సిన పని పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి మార్చి వాన పడి, పూత విచ్చుకునేదాకా చూడాల్సిందే.